మామగారు తాగిన నురగ కాఫీ

పాల్వంచ కాలనీలో మేమున్న పాత క్వార్టర్ల వరసలోకి ఇప్పుడు వెళ్లినా, అప్పటినుంచీ అక్కడే ఉన్నవాళ్లు నన్ను రెండు రకాలుగా చూస్తారు. సగం మంది నేను మా మామగారికి విషం పెట్టాననుకుంటారు. మిగిలిన సగం మందికి అసలు సంగతి తెలుసు. విషం పెట్టాననుకునేవాళ్లే నయం, కనీసం కొంచెం భయపడతారు. అసలు సంగతి తెలిసినవాళ్లు మాత్రం నన్ను చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరుగుతారు.

ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. మీరు ఏదన్నా తాగుతూ చదువుతుంటే ఆ గ్లాసు కాస్త పక్కన పెట్టండి. తర్వాత నన్ననొద్దు.

ఎనభైల మొదట్లో మాట. నాకు పవర్‌హౌస్ స్టోర్సులో ఉద్యోగం. అడిగినవాళ్లకి అడిగిన నట్టూ బోల్టూ తీసివ్వడం నా పని. ఆ రోజుల్లో మిషన్లు బిగించడానికి జపాన్ నుంచి ఒక ఇంజనీరు వచ్చి కొన్నాళ్లు ఉన్నాడు. మనిషి చిన్నగా, శుభ్రంగా, ఉతికి ఇస్త్రీ చేసినట్టు ఉండేవాడు. ఆయనకి ఇంగ్లీషు కొంచెం వచ్చు. నాకు అంతకన్నా కొంచెం తక్కువ వచ్చు. అందుకే మా ఇద్దరికీ బాగా కుదిరింది. ఒకరు చెప్పింది ఒకరికి అర్థం కాకపోయినా ఇద్దరం తల ఊపుకునేవాళ్లం.

తిరిగి వెళ్లిపోయేముందు ఆయన నాకు ఒక అట్టపెట్టె ఇచ్చాడు. విప్పితే గాజు సామాను. పైన గరాటు, కింద కూజా, రెంటికీ మధ్య సన్నటి నడుము. ఆ నడుముకి చెక్క పట్టీ, దానికి తోలుతాడు. నిలబెడితే అచ్చం డమరుకంలా ఉంది. దానితో పాటు గుండ్రటి వడపోత కాగితాలు ఒక కట్ట. గెస్ట్‌హౌసు వంటగదిలో నన్ను పక్కన నిలబెట్టుకుని ఆయనే పాఠం చెప్పాడు. కాగితం మడిచి గరాటులో పెట్టాలి. వేడినీళ్లతో తడిపి ఆ నీళ్లు పారబోయాలి. అప్పుడు కాఫీ పొడి వెయ్యాలి. మొదట కాసిని నీళ్లు మాత్రమే పోసి ఆగాలి.

"వెయిట్," అన్నాడు వేలెత్తి.

పొడి మెల్లగా పొంగింది. పైన నురగ కట్టింది. ఆయన ముఖం చంటిబిడ్డ నవ్వు చూసిన తండ్రి ముఖంలా అయిపోయింది. నురగ వస్తే పొడి బతికున్నట్టు, రాకపోతే చచ్చినట్టు అని కొంత ఇంగ్లీషుతో, మిగతాది చేతులతో, కళ్లతో చెప్పాడు. తర్వాత సన్నటి ధారగా, గుండ్రంగా తిప్పుతూ నీళ్లు పోశాడు. కింద కూజాలోకి తేనె రంగు కాఫీ చుక్కలు చుక్కలుగా దిగింది. అందులో పాలు పొయ్యకూడదు, చక్కెర వెయ్యకూడదు. అవి రెండూ చెప్పేటప్పుడు మాత్రం ఆయన ముఖం కోర్టులో జడ్జిగారి ముఖంలా ఉంది.

నేను ఆ పాఠంలో మిగతాదంతా ఎంత గుర్తుపెట్టుకున్నానో తెలియదు గానీ, నురగ సంగతి మాత్రం గుండెల మీద పచ్చబొట్టు పొడిపించుకున్నట్టు గుర్తుపెట్టుకున్నాను. నా కొంప ముంచింది ఆ ఒక్క ముక్కే.

గాజు డమరుకం ఇంటికి రాగానే మొదట చూడ్డానికి వచ్చింది పక్క క్వార్టరు రంగమ్మక్క. ఆమె భర్తది బాయిలర్ సెక్షను. పుట్టిల్లు పినపాక దగ్గర అడవిలో పల్లె. మనసు వెన్న. గొంతు మాత్రం పవర్‌హౌస్ సైరన్‌కి అక్కలాంటిది.

"ఏంది తమ్మీ ఇది, దవాఖానా సామానా?"

"కాఫీ కాచేదక్కా."

"అవునా? మూత్రం పరీక్షకు పట్టే సీస లెక్కున్నది గదా."

పౌరుషం వచ్చి అప్పటికప్పుడు ఒక గ్లాసు కాచి ఇచ్చాను. ఆమె మూడు గుక్కలు తాగి, కళ్లు గట్టిగా మూసి తెరిచి, "అవ్, మంచిగనే ఉన్నది. జరమొచ్చినోళ్లకు జల్దీ తగ్గుతది," అంది.

మా ఆవిడ పద్మ అభిప్రాయం ఇంకా ఘోరం. "పాలొద్దు, చక్కెరొద్దు, పొయ్యి మీద మరగొద్దు. ఇంకెందుకండీ ఈ శ్రమ? పొడి నోట్లో వేసుకుని వేడినీళ్లు తాగితే సరిపోద్దిగా?"

వాళ్లకేం తెలుసు అనుకున్నాను. కాలనీ మొత్తంలో కాఫీ తెలిసిన ఏకైక మనిషిని నేనే అని ఛాతీ విరుచుకుని తిరిగాను. అసలు నాకు ఈ కాఫీ తెలుసుననే పొగరు కొత్తగా వచ్చింది కాదు. అది నా పెళ్లిలోనే ఒకసారి నా చేత వాగించింది. ఆ సంగతి చెప్పకపోతే ఈ కథ ముందుకు నడవదు.

పద్మ వాళ్లది వేంసూరు. మామగారు వ్యవసాయదారు. పెళ్లినాడు తెల్లారి మా విడిదింటికి ఆయనే స్వయంగా కెటిల్ పట్టుకుని కాఫీ తెచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, భుజం మీది కండువా జారిపోతోంది. నా చుట్టూ స్నేహితులు. పెళ్లికొడుకునన్న మదం ఒకటి. ఒక గుక్క తాగి, అందరికీ వినబడేలా, "మామయ్యా, ఇది కాఫీయా, గిన్నెలు కడిగిన నీళ్లా?" అన్నాను. స్నేహితులు పగలబడి నవ్వారు. ఆయన కెటిల్ కిందపెట్టి, కండువా సర్దుకుని వెళ్లిపోయారు.

తర్వాత పద్మ చెప్పింది. ఆ రాత్రి వంటవాళ్ల దగ్గర పాలన్నీ విరిగిపోయాయట. ఆయన నిద్ర లేకుండా ఇంటింటికీ తిరిగి దొరికిన కాసిని పాలూ పోగేసి, నీళ్లు కలిపి సర్దారట. అది విన్నాక నాకు సిగ్గేసింది. కానీ సిగ్గుపడ్డం వేరు, వెళ్లి క్షమించమని అడగడం వేరు. రెండోదానికి కావలసిన దమ్ము నాకు లేకపోయింది.

ఏడాది దాటినా మామగారు మా ఇంటి గడప తొక్కలేదు. బియ్యం పంపేవారు, కందిపప్పు పంపేవారు, మామిడికాయలు పంపేవారు. ఆయన మాత్రం రారు. వేంసూరు వైపు నుంచి వచ్చే బస్సు రోడ్డు మీద ఆగితే పద్మ వంటింటి కిటికీలోంచి తొంగిచూసేది. ఎవరూ దిగకపోతే గరిట పట్టుకుని మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లేది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

అలాంటిది, ఒక వానాకాలం, వాళ్ల ఊరాయన ఒకడు పాల్వంచలో పని మీద వచ్చి కబురు చెప్పి వెళ్లాడు. మామగారు ఆదివారం వస్తున్నారట!

పద్మ ముఖం చూడాలి. ఇల్లంతా కడిగింది. గోడల మీది బల్లుల్ని కూడా కడిగిందేమో అని నాకు అనుమానం. నేను నా గాజు డమరుకాన్ని తళతళలాడేట్టు తుడిచి బల్ల మీద పెట్టాను.

"ఏం చేస్తున్నారండీ?"

"మామయ్యకి కాఫీ ఇస్తాను. ఎక్కడ పోగొట్టుకున్నానో అక్కడే వెతుక్కుంటాను."

"వద్దండీ బాబూ. నేను మామూలు కాఫీ పెడతాను. మీరు నోరు మూసుకుని పక్కన కూర్చోండి, చాలు."

మీరే చెప్పండి, ఆవిడ మాట విని ఉంటే ఈ జ్ఞాపకం మీ దాకా వచ్చేదా?

ఇక్కడ రెండు డబ్బాల గురించి చెప్పాలి. పద్మ మేనత్త పెళ్లిలో ఒకే అచ్చులో పోసినట్టుండే రెండు స్టీలు డబ్బాలు చదివించింది. రెంటి మీదా ఆవిడ పేరే చెక్కి ఉంది. కాఫీ పొడి చీకట్లో, చల్లగా, గాలి తగలకుండా ఉండాలని జపానాయన చెప్పాడు గనక, సీసాలో ఉన్న పొడిని నేను ఆ డబ్బాల్లో ఒకదానిలో పోసి లోపలి అలమరలో పెట్టాను. రెండో డబ్బాలో కుంకుడు పొడి ఉంది. రంగమ్మక్క పుట్టింటి నుంచి తెచ్చిన కుంకుడుకాయల్ని పద్మ గింజలు తీసి, ఎండబెట్టి, తామిద్దరి కోసం పొడి కొట్టించి అందులో పోసింది. కాఫీ కుడివైపు, కుంకుడు ఎడమవైపు. నాకు బాగా గుర్తు.

శనివారం పద్మ అలమర కూడా కడిగింది. డబ్బాలు అటుదిటు, ఇటుదటు అయ్యాయి. ఆ మాట నాకు చెప్పిందట కూడా. ఆ సమయంలో నేను భయంకరమైన జలుబుతో దుప్పటి కప్పుకుని నీలగిరి తైలం వేసిన నీళ్లతో ఆవిరి పడుతున్నాను. దుప్పట్లోంచి "ఊఁ" అన్నానట.

ఆదివారం పొద్దున పద్మ మార్కెట్‌కి వెళ్లింది. మామగారు మధ్యాహ్నం బస్సుకి వస్తారని మా లెక్క. ఆమె అలా వెళ్లగానే రంగమ్మక్క వచ్చింది.

"తమ్మీ, తల పోసుకుంట. నా వాటా కుంకుడు పొడి జరంత ఇయ్యి."

నేను ఎడమవైపు డబ్బా తీసి, ఆమె గిన్నెలో దండిగా పోసి పంపించాను. చూపుకి రెండూ గోధుమ రంగు పొడులే. వాసన తగిలి ఉండాలి కదా అంటారు మీరు. అప్పుడు నా ముక్కు పరిస్థితి సిమెంటు పోసి పూడ్చిన బావిలాంటిది. ఆమె ముక్కు మాత్రం బాగానే ఉంది. "మంచి వాసనొస్తున్నది తమ్మీ, ఏం కలిపిన్రు?" అని అడిగింది కూడా. పద్మ ఏదో కలిపి ఉంటుందిలే అన్నాను.

ఆమె వెళ్లిన కాసేపటికే గేటు చప్పుడైంది. చూస్తే మామగారు. చేతిలో నెయ్యి గిన్నె, చంకలో సొరకాయ. మొదటి బస్సే పట్టుకుని వచ్చేశారు.

"రండి మామయ్యా, రండి, కూర్చోండి."

ఆయన కుర్చీ అంచున, ఎవరో లెమ్మంటే వెంటనే లేచిపోయేవాడిలా కూర్చున్నారు. సొరకాయ ఒళ్లోనే ఉంది.

"అమ్మాయేది?"

"మార్కెట్‌కి వెళ్లింది."

"ఒంట్లో బాగుంటందా?"

"జలుబు చేసింది మామయ్యా. రెండు రోజులుగా ఊపిరాడ్డం లేదు."

ఆయన కంగారుపడ్డారు. "అయ్యో, మరి మార్కెట్టుకెందుకు పంపారండీ?"

"నాకు, మామయ్యా. జలుబు నాకు."

"నేనడిగింది అమ్మాయి సంగతి."

తర్వాత ఇద్దరం గోడ మీది క్యాలెండరు చూశాం. దాన్ని చదవడం అయిపోయాక మళ్లీ మొదటి నుంచి చదివాం. ఇక లాభం లేదని గొంతు సవరించుకుని, "కాఫీ తాగుతారా మామయ్యా?" అన్నాను.

కాఫీ అనే మాట ఆ గదిలో పళ్లెం జారిపడ్డట్టు పడింది. ఆయన సొరకాయ వైపు చూస్తూ, "మీ ఇష్టం అల్లుడు గారూ," అన్నారు.

నేను లేచాను. పూజారి గర్భగుడిలోకి వెళ్లినట్టు వంటింట్లోకి వెళ్లాను. నీళ్లు మరిగించి పద్మ పూజ సామాన్లలోంచి కొమ్ముచెంబు తీసుకున్నాను, సన్నటి ధార రావాలి కదా. కుడివైపు డబ్బా తీశాను. సరంజామా అంతా ముందుగదిలో ఆయన ఎదురుగానే పెట్టాను. నా పనితనం ఆయన కళ్లారా చూడాలని.

"ఇది జపాను పద్ధతి మామయ్యా. ముందు కాగితం తడపాలి."

"ఊఁ."

"ఇప్పుడు పొడి. ఇప్పుడు కాసిని నీళ్లు. ఇప్పుడు ఆగాలి. చూడండి, పొడి తాజాగా ఉంటే నురగ వస్తుంది."

వచ్చింది. అలా ఇలా కాదు. జపానాయన జీవితంలో అంత నురగ చూసి ఉండడు. బుడగలు బుడగలుగా పొంగి, గరాటు నిండి, అంచు దాటి, చెక్క పట్టీ మీదికి జారి, బల్ల మీద కూర్చుంది. నాకు కళ్లు చెమర్చాయి. ఖమ్మంలో నేను కొన్న పొడి ఎంత గొప్పదో!

"చూశారా మామయ్యా! ఎంత ప్రాణం ఉందో!"

మామగారు ఆ నురగ వైపు చూశారు. నా వైపు చూశారు. మళ్లీ నురగ వైపు చూశారు. "ప్రాణం బానే ఉందండీ," అన్నారు నెమ్మదిగా.

కాఫీ అడుగుకి దిగేసరికి చాలాసేపు పట్టింది. తేనె రంగు. వెలుతురుకి పట్టి చూస్తే అవతలి గోడ కనబడుతోంది. గ్లాసు నిండా పోసి రెండు చేతులతో ఇచ్చాను. "పాలూ చక్కెరా వెయ్యను మామయ్యా. వేస్తే దీని గొప్పతనం పోతుంది."

ఆయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్క క్షణం ఆగారు. తర్వాత నా కళ్లలోకి సూటిగా చూశారు. యుద్ధానికి వెళ్లేవాడు ఇల్లాలి వైపు చూసినట్టు. ఒక గుక్క తాగారు. గొంతులో ఏదో పైకీ కిందికీ తిరిగింది. ఇంకో గుక్క. ఇంకోటి. కళ్ల నిండా నీళ్లు.

నాకు గుండె పొంగిపోయింది. క్షమించేశారు! ఏడాది కోపం కరిగి కళ్లలోంచి కారుతోంది!

"ఎలా ఉంది మామయ్యా?"

"ఇట్లాంటిది," అని ఆగి, ఊపిరి పీల్చుకుని, "ఇట్లాంటిది ఎప్పుడూ తాగలేదు."

"ఇంకొంచెం పోస్తాను."

ఆయన నోరు తెరిచి ఏదో అనబోయారు. నేను పోసేశాను. పెద్దవాళ్లు మొహమాటపడతారు, మనమే చూసుకోవాలి కదండీ. నేను తాగనే లేదు, మామగారు కుర్చీలో ఉండగా ఎదురుగా తాగడం మర్యాద కాదని. మర్యాదే నన్ను రక్షించింది చూడండి.

రెండో గ్లాసు సగంలో ఉండగా పద్మ కూరగాయల సంచితో వచ్చింది. "నాన్నా!" అని గుమ్మంలోనే సంచి వదిలేసింది. టమాటాలు దొర్లిపోయాయి. ఆయన లేచి, కూతురి తల మీద చెయ్యి వేసి, "అమ్మాయీ," అన్నారు. ఆ మాటతో పాటు ఆయన పెదవుల మధ్య నుంచి చిన్న బుడగ ఒకటి వచ్చింది. అది కాసేపు నిలబడి, టప్పున పేలింది.

పద్మ ఆ బుడగ పేలిన చోటే చూస్తూ ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే రంగమ్మక్క వచ్చింది. తడి జుట్టు, భుజం మీద తువ్వాలు, మెడ మీద గోధుమ రంగు చారలు.

"ఏంది తమ్మీ, గిట్ల జేసినవ్! ఎంత రుద్దినా నురగే రాదు. నెత్తంత నల్లగయ్యింది. ఈగలు జుమ్మని వస్తున్నయ్!"

పద్మ ఆమె దగ్గరికి వెళ్లి జుట్టు వాసన చూసింది. తర్వాత బల్ల దగ్గరికి వచ్చి, ఇంకా కూర్చునే ఉన్న నురగను వేలితో తీసి వాసన చూసింది. రెండు వేళ్ల మధ్య రుద్దింది. అది ఇంకా నురగలు కక్కింది.

"ఏమండీ."

ఆ "ఏమండీ" నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

"మా నాన్నకి కుంకుడు రసం పోశారా?"

"అట్లా ఎందుకవుతుంది? కుడివైపు డబ్బా..."

"నిన్న మార్చానని చెప్పానుగా! ఊఁ అన్నారుగా!"

మామగారు అప్పటిదాకా ఓర్చుకున్నారు. ఇక ఓర్చుకోవడం మనిషి వల్ల కాలేదు. సొరకాయ నా చేతిలో పెట్టి, పెరట్లోకి పరుగుతీశారు. మిగతాది మీరు ఊహించుకోండి. పెరట్లో గోడ పక్కన పద్మ ఆయన వీపు రాస్తూ ఏడుస్తోంది. నేను సొరకాయ ఎత్తుకుని వెనక నిలబడ్డాను.

ఇదంతా మా నలుగురి మధ్యే ఉండిపోయేది. కానీ రంగమ్మక్క గొంతు గురించి మీకు ముందే చెప్పాను.

"అయ్యో, వేంసూరు పెద్దాయనకు కుంకుడు నీళ్లు తాగిచ్చిన్రు! జల్దీ రాండ్రి!"

మా వైపు ఎవరికన్నా కుంకుడు నీళ్లు ఎప్పుడు తాగిస్తారో మీకు తెలుసా? పొలంలో పురుగుమందు ఒంట్లోకి పోయినప్పుడు, కక్కించడానికి. ఆ కేక విన్నవాళ్లందరికీ ఒకటే అర్థమైంది. వరస వరసంతా మా పెరట్లోకి వచ్చిపడింది. నైట్ షిఫ్టు చేసి పడుకున్నవాళ్లు లుంగీలు ఎగ్గట్టుకుని వచ్చారు.

"ఏం మందు తాగిండు?"

"ఎందుకు తాగిండు?"

"అల్లుడేమన్నడో!"

"పెళ్లప్పుడు కూడ ఏందో అన్నడంట గదా! గిప్పుడు మందే పోసిండేమో!"

ఎవరో సైకిల్ మీద వెళ్లి దవాఖానా నుంచి కాంపౌండరును ఎక్కించుకొచ్చారు. ఆయన సంచి దించి, నన్ను పక్కకి పిలిచాడు.

"ఏం తాగిండు చెప్పు. దాచొద్దు."

"కాఫీ."

"కాఫీ తాగితే కుంకుడు నీళ్లెందుకు పోసిన్రు?"

"కాఫీ తాగాక పొయ్యలేదండీ. కుంకుడు నీళ్లే కాఫీ."

"నువ్వు గూడ ఏమన్న తాగినవా?"

"లేదండీ. కాఫీ రంగమ్మక్క పోసుకుంది."

"ఎక్కడ?"

"నెత్తి మీద."

కాంపౌండరు నా కళ్ల రెప్పలు ఎత్తి చూశాడు. నాలుక చాపమన్నాడు. మామగారి కన్నా ముందు నా నాడి పట్టుకున్నాడు. అప్పుడు పద్మ వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన రంగమ్మక్క జుట్టు వాసన చూసి, గాజు డమరుకం చూసి, పెరట్లో అరుగు మీద కూర్చుని, నవ్వడం మొదలుపెట్టాడు. ఆపలేకపోయాడు. "ఏం గాదు. కడుపు శుభ్రమైంది. మజ్జిగ పోయిండ్రి," అని అతికష్టం మీద చెప్పి, సైకిల్ ఎక్కి, అడిగినవాళ్లకల్లా చెబుతూ, దారిపొడవునా నవ్వుతూ వెళ్లాడు. ఆ నవ్వు దాటిన ఇళ్లవాళ్లకి అసలు సంగతి తెలిసింది. రెండో వైపు ఇళ్లవాళ్లకి ఇప్పటికీ తెలియదు.

జనం వెళ్లిపోయాక మామగారిని మంచం మీద పడుకోబెట్టాం. పద్మ ఉప్పు వేసిన మజ్జిగ ఇచ్చి పక్కన కూర్చుంది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. లోపలికి వెళ్లే ముఖం నాకు లేదు.

"మొదటి గుక్కకే తెలియలేదా నాన్నా?"

"తెలియకేమమ్మా? గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే తెలిసింది. పుట్టినకాడ్నించీ నెత్తికి పోసుకునేదేగా."

"మరెందుకు తాగావు?"

ఆయన లేచి గోడకి ఆనుకున్నారు. మజ్జిగ గ్లాసు తిప్పుతూ కూర్చున్నారు. తర్వాత నాకు వినబడదనుకున్నారో ఏమో, గొంతు తగ్గించి అన్నారు.

"అల్లుడు గారు బదులు తీర్చుకుంటున్నారనుకున్నా. పెళ్లిలో గిన్నెలు కడిగే నీళ్లు పోశాననేగా ఆయన బాధ? సరే, నాకు నెత్తి కడిగే నీళ్లు పోశారు. అది తాగేస్తే చెల్లుకు చెల్లు. ఇంక నీ ఇంటికి ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రావచ్చు అనుకున్నా."

పద్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మరి రెండో గ్లాసు?" అని అడిగింది.

"అది వడ్డీ అనుకున్నా."

నేను గడప దాటాను. ఏడాదిగా లేని దమ్ము ఎక్కడ్నుంచి వచ్చిందో, వెళ్లి ఆయన మంచం పక్కన కింద కూర్చున్నాను. "మామయ్యా, ఆ రోజు నేనన్న మాట..." అని మొదలుపెట్టాను. కన్నీళ్లతో పాటు ముక్కు కూడా ఒకేసారి తెరుచుకుంది. మాట బయటికి రాకుండా పెద్ద తుమ్ము వచ్చింది. ఇంకోటి. ఇంకోటి. క్షమాపణ చెప్పడానికి నోరు తెరవడం, తుమ్మడం. అలా ఎన్నిసార్లు జరిగిందో.

ఆయన తన కండువా తీసి నా చేతిలో పెట్టారు. "తుడుచుకోండి. ముక్కు అట్లా ఉంటే మీకేం తెలుస్తది? నేనొక పిచ్చోణ్ణి, పగ అనుకున్నా." నా భుజం మీద చెయ్యి వేసి, "ఆ రోజు పాలు దొరకలేదు అల్లుడు గారూ. ఊరంతా తిరిగాను," అన్నారు.

"తెలుసు మామయ్యా. ఆ మర్నాడే తెలిసింది. నేనే ముందు రావాల్సింది."

"పోనీండి. మీరు రాలేదు, నేనూ రాలేదు. మధ్యలో ఆడపిల్ల నలిగింది."

ఆయన నవ్వబోతే ఎక్కిళ్లు వచ్చాయి. పద్మ ఏడుస్తూనే నవ్వింది. మంచం మీద ఆయన, కింద నేను, మధ్యలో పద్మ. ఆ గదిలో అప్పుడున్న సంతోషం నేను ఏ పండగలోనూ చూడలేదు. అంతలో రంగమ్మక్క రెండోసారి తల పోసుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి, "పెద్దాయన బతికిండా?" అని అడిగింది. బతికిండని చెబితే, "మరి గీయన దగ్గర ఇంకోసారి ఏమన్న తాగేటప్పుడు నన్ను పిలువుండ్రి, ముందు నేను వాసన జూస్త," అని హామీ ఇచ్చి వెళ్లింది.

మామగారు వెళ్లేరోజు బస్‌స్టాండుకి నేనే దిగబెట్టాను. ఆయన కిటికీ పక్కన కూర్చుని, బస్సు కదలబోతుంటే తల బయటికి పెట్టి పిలిచారు.

"వచ్చే నెల మీ అత్తయ్యను కూడా తీసుకొస్తానండీ. మోకాళ్ల నొప్పులైనా సరే, రావాల్సిందే."

"తప్పకుండా మామయ్యా. పద్మ ఎంత సంతోషపడుతుందో!"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "కాఫీ మాత్రం మీరే పెట్టాలి."

నాకు అర్థం కాలేదు. అది ఆయన పెద్దమనసు అనుకున్నాను.

అన్నట్టే వచ్చే నెల అత్తయ్యను తీసుకొచ్చారు. ఆవిడ కూర్చుంటూనే ప్రయాణంలో మామగారు చేసిన తప్పులు ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టింది. కిటికీ పక్క సీటు పట్టలేదట, టికెట్టు పోగొట్టారట, మనిషన్నాక తెలివుండాలట. మామగారు తల ఊపుతూ అన్నీ విన్నారు. చెప్పి చెప్పి ఆవిడ అలసిపోయి, "ఏదో కాఫీ బాగా పెడతారట గదా అల్లుడు గారూ, కొంచెం ఇస్తారా?" అని అడిగింది.

నేను అలమర తలుపు తెరిచాను. వెనక ఏదో కదిలినట్టయి తిరిగి చూస్తే, వంటింటి గుమ్మంలో మామగారు. అత్తయ్య చూడకుండా నాకు కన్ను గీటి, కుంకుడు డబ్బా వైపు వేలు చూపించారు.

ఆ క్షణంలో, రెండు డబ్బాల మధ్య నిలబడి, పంచభూతాల సాక్షిగా ఒక ఘోర ప్రతిజ్ఞ చేశాను. దాన్ని ఇక్కడ మీ అందరి ముందూ మళ్లీ చేస్తున్నాను. ఈ కట్టె కాలేదాకా నా చేత్తో ఎవరికీ కుంకుడు కాఫీ పొయ్యను. ఎవరు ఎంత బతిమాలినా, ఎన్నిసార్లు కన్ను గీటినా పొయ్యను. అత్తయ్యకి అసలే పొయ్యను.

ఆవిడ మామయ్యలా మొహమాటపడే మనిషి కాదు.